గోడలకు చెవులు సరే, బల్లలకు కూడానా?

సంపాదకుల వారికి,

నమస్కారం. వైఫై తరంగాలతో ఆఫీసుల్ని గమనించే కొత్త పద్ధతుల గురించి ఈమధ్య మీ వ్యాపార పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఏ కుర్చీ ఎంతసేపు ఖాళీగా ఉంటోందో, ఏ మూల ఎవరూ కూర్చోవడం లేదో, సమావేశాల గది రోజుకు ఎన్ని గంటలు వాడుతున్నారో తెలిస్తే అద్దె, కరెంటు ఖర్చు తగ్గుతాయని రాశారు. కాదనను. కాని ఆ బల్లలు చేసేవాళ్లూ, వాటి ముందు పొద్దస్తమానం కూర్చునేవాళ్లూ ఆ వ్యాసంలో మచ్చుకైనా కనిపించలేదు. మొదటి రకం వాణ్ని కాబట్టి రెండో రకం వాళ్ల తరఫున కూడా నాలుగు మాటలు రాస్తున్నాను.

పాలకొల్లులో ఆఫీసు సామాను చేసే వడ్రంగిని నేను. మా నాన్నగారు తలుపులు, ద్వారబంధాలు చేసేవారు, లంక గ్రామాల వాళ్లకు పడవలు బాగుచేసేవారు. నా కాలానికి పని కౌంటర్లు, బల్లలు, ఫైళ్ల అరల మీదికి మళ్లింది. ఇటు నర్సాపురం, రాజోలు, అటు భీమవరం, తణుకు వరకూ సహకార సంఘాల్లో, ఫైనాన్సు కంపెనీల్లో, రొయ్యల మేత అమ్మే దుకాణాల్లో నా చేతి బల్లలున్నాయి.

మనిషికీ అతను పనిచేసే చోటుకీ ఉన్న సంబంధం తెలుసుకోవాలంటే మాకు వైఫై అక్కర్లేదు. మరమ్మతుకు వచ్చిన బల్లను తిరగేసి చూస్తే చాలు. కుడివైపు ముందంచున సన్‌మైకా మీద సన్నటి వంపు గీతలుంటే అక్కడ గాజులు వేసుకున్న మనిషి రాసింది. ఎడమవైపు నల్లగా గుండ్రటి మరక ఉంటే స్టాంపు ప్యాడ్ అక్కడే ఉండేది. కింది అడ్డబద్ద ఒకచోట నున్నగా అరిగి మెరుస్తుంటే కూర్చున్నవారి కాళ్లు నేలకు అందలేదన్నమాట. ఆఫీసు బల్ల ఎత్తు ఎక్కడైనా రెండున్నర అడుగులే అడుగుతారు. కూర్చునేది ఐదడుగులు కూడా లేని మనిషైనా అంతే, ఆరడుగుల మనిషైనా అంతే. ఒక సహకార సంఘంలో కౌంటరు విప్పినప్పుడు ప్రతి కుర్చీ కింద పాత పేపరు చుట్టిన ఇటుక ఒకటి దొరికింది. ఆడవాళ్లు పాదాలు ఆనించుకోవడానికి తెచ్చుకున్నవి. ఆ సంఘం ఎన్నోసార్లు ఆడిట్ అయి ఉంటుంది. ఏ రిపోర్టులోనూ ఆ ఇటుకల ఊసు ఉండి ఉండదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. వానలు మొదలయ్యాక కర్ర సొరుగులు ఉబ్బి బిగుసుకుపోతాయి. మూయడానికి రాక సగం తెరిచి వదిలేస్తారు. మోకాలు తగులుతుందని కుర్చీ పక్కకు తిప్పుకుని కూర్చుంటారు. అలా రెండు నెలలు కూర్చుంటే నడుం పట్టేస్తుంది. నడుంనొప్పికి సెలవు పెట్టిన గుమస్తా గురించి మేనేజరు ఏమనుకుంటాడో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. భీమవరంలో ఒక ప్రైవేటు ఆర్థిక సంస్థ కొత్త శాఖకు బల్లలు ఆర్డరిచ్చింది. డ్రాయింగులో ప్రతి బల్ల అడుగున, సరిగ్గా మోకాళ్లకు ఎదురుగా, అగ్గిపెట్టెంత పెట్టె బిగించడానికి బెజ్జాలు గుర్తుపెట్టి ఉన్నాయి. దాని పక్కనే ఉద్యోగి నంబరు రాసే చీటీకి చోటు. ఏమిటని అడిగితే "మనిషి సీట్లో ఉన్నదీ లేనిదీ దానంతట అదే చెబుతుంది" అన్నారు. కూర్చోబోయే వాళ్లకు తెలుసా అంటే జవాబు రాలేదు.

నాకు ఈ విద్య కొంత తెలియడానికి కారణం మా మేనకోడలు. కాకినాడలో ఎంటెక్ చదువుతోంది. పోయిన వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, తన ప్రాజెక్టుకు మా వర్క్‌షాపు వాడుకుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డులు రెండు తెచ్చి పని బల్లకు చెరోవైపు పెట్టింది. ఒకటి వైఫై తరంగాలు పంపుతూ ఉంటుంది, రెండోది వింటూ ఉంటుంది. అంతే. కెమెరా లేదు, మైకు లేదు, మా ఒంటి మీద ఏదీ లేదు.

అది ఎలా తెలుసుకుంటుందో ఆమె చెప్పిన తీరు నాకు బాగా ఎక్కింది. కాలువ రేవులో మెట్టు మీద కూర్చున్నాం. వంపు అవతల పడవ వెళ్లింది. పడవ కనిపించదు, కాని కాసేపటికి నీళ్లు మన మెట్టును తడుపుతాయి. ఏదో కదిలిందని తెలుస్తుంది. పెద్దదా చిన్నదా, ఆగి ఆగి వెళ్లిందా అన్నది కూడా అలవాటైన వాడు చెప్పగలడు. వైఫై తరంగాలూ గదిలో గోడలకు, బీరువాలకు, మనుషులకు తగిలి చెదిరి, రకరకాల దారుల్లో అవతలి బోర్డును చేరతాయి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 6. మనిషి ఒక్క అడుగు వేస్తే చాలు, ఆ దారుల పొడవు మారి కలయిక మారిపోతుంది. పైగా మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి తరంగాలను కొంత మింగేస్తాం కూడా. పాత వైఫై పద్ధతుల్లో 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న తరంగాల పట్టీని 64 సన్నని పాయలుగా చీలుస్తారు. ఒక్కో పాయ ఎంత బలంగా వచ్చింది, ఎంత ఆలస్యంగా వచ్చింది అని విడివిడిగా చూస్తే గదిలో జరిగేదాని ఆనవాలు దొరుకుతుంది.

ఇది రాత్రికి రాత్రి పుట్టింది కాదు. అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు 2013లోనే వైఫైతో గోడ అవతలి కదలికలను పసిగట్టారు. 2015 నాటికి మనిషిని తాకకుండానే రేడియో తరంగాలతో ఊపిరి, గుండె వేగం కొలిచారు. ఇక 2025లో, వైఫై ప్రమాణాలు రూపొందించే ఐట్రిపుల్‌ఈ సంస్థ 802.11బీఎఫ్ పేరుతో వైఫై ప్రమాణంలోనే ఈ పసిగట్టే పనికి నియమాలు చేర్చింది. అంటే ముందుముందు విడిగా పెట్టెలు కొనే పని కూడా ఉండకపోవచ్చు. గోడకున్న రూటరే ఆ పని చేస్తుంది.

మా వర్క్‌షాపులో ఏం తేలిందో కూడా చెబుతాను. చిత్రిక పడుతున్నప్పుడు తెర మీద గీత లయగా లేచి పడుతుంటే చూడముచ్చటగా ఉంది. ఫ్యాను వేయగానే అంతా చిక్కుపడిపోయింది. రెక్కల కదలికను కూడా అది మనిషి కదలికలాగే లెక్కవేస్తుంది. పాలకొల్లులో మే నెలలో ఫ్యాను ఆపమనే శాస్త్రాన్ని మా వాళ్లు అంత తేలిగ్గా గౌరవించరు. సాయంత్రం మూలనున్న ఇనప బీరువాను జరిపాం. దాంతో అంతకుముందు ఆ యంత్రానికి నేర్పినదంతా వృథా అయి, ఖాళీ గదిలో మనిషి ఉన్నాడని చెప్పడం మొదలుపెట్టింది. ఒక గదిలో నేర్చుకున్నది ఇంకో గదిలో పనికిరాకపోవడం ఈ రంగంలో అందరినీ వేధిస్తున్న సమస్యేనట.

మంచి కూడా జరిగింది. పని బల్ల దగ్గరి నుంచి వెనక గోడ వైపు నడకలు అదేపనిగా కనిపించాయి. చూస్తే అందరూ మర మేకులు, కీళ్ల కోసం చివరి అరకు వెళ్లివస్తున్నారు. ఆ అరను పని బల్ల పక్కకు మార్చేశాం. ఎవరు ఎన్నిసార్లు వెళ్లారన్నది మాకు అక్కర్లేకపోయింది. అర ఎక్కడ ఉండాలన్నదే కావలసింది.

అదే రోజు మా పెద్దమేస్త్రి రెండు టేకు పలకలు గోడకు ఆనించి చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. తెర మీద గీత చదునుగా పడుకుంది. "మామయ్యా, ఇక్కడ పని ఆగినట్టుంది" అంది మేనకోడలు నాతో. మేస్త్రి వెనక్కి తిరక్కుండానే "ఈ రెంటి గీతలు కలవకుండా అతికిస్తే బల్లంతా విప్పాలమ్మా" అన్నారు. ఇంకా ఖరీదైన పరికరాలు నిశ్చలంగా ఉన్న మనిషినీ పట్టుకుంటాయి. 60 గిగాహెర్ట్జ్ రాడార్ తరంగం పొడవు 5 మిల్లీమీటర్లే కాబట్టి ఊపిరికి ఛాతీ కదలడం దానికి చాలు. మనిషి ఉన్నాడన్నంత వరకు నిజమే చెబుతుంది. పలక గీతలు చూస్తున్నాడా, కునుకు తీస్తున్నాడా అన్నది మాత్రం దానికి తెలియదు. మరి ఉద్యోగి నంబరు పక్కన ఆ లెక్క రాసుకుంటే దేన్ని కొలిచినట్టు?

గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఈ పరికరాలు గది గురించి చెబితే మంచి సాక్షులు. మనిషి గురించి చెప్పమంటే దొంగ సాక్షులవుతాయి. పైగా తన పేరు మీద లెక్క పడుతోందని తెలిసిన మనిషి లెక్క కోసం కూర్చుంటాడు, పని కోసం కాదు. అప్పుడు గది గురించిన సాక్ష్యం కూడా చెడిపోతుంది.

గది గురించి అడిగితే ఎంత విలువైన సంగతి దొరుకుతుందో 2018లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఈథన్ బెర్న్‌స్టైన్, స్టీఫెన్ టర్బన్ అనే ఇద్దరు, రెండు పెద్ద అమెరికన్ కంపెనీల ప్రధాన కార్యాలయాల్లో అడ్డుగోడలు తీసేసి అంతా ఒకే హాలుగా మార్చడానికి ముందూ తర్వాతా ఉద్యోగుల మెడలో చిన్న పరికరాలు వేసి గమనించారు. ఎవరు ఎవరికి ఎదురుపడ్డారో పరారుణ కిరణాలతో, ఎంత దగ్గరగా ఉన్నారో బ్లూటూత్‌తో అవి గుర్తుపడతాయి. గోడలు తీస్తే జనం ఎక్కువ మాట్లాడుకుంటారని కదా అందరం నమ్ముతాం. ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం తగ్గాయి. బదులుగా ఈమెయిళ్లు పెరిగాయి. అందరి కళ్లూ తమ మీదే ఉన్నాయనిపిస్తే మనుషులు ముడుచుకుపోతారన్నమాట. అడ్డుగోడలు విప్పి హాళ్లు చేసే పని నాదీ కాబట్టి ఈ సంగతి తెలిశాక, ఓపెన్ హాలు కావాలని వచ్చిన వాళ్లకు భుజాల ఎత్తు మరుగైనా ఉంచమని చెబుతున్నాను. ఆ పరిశోధనకు ఏ గుమస్తా ఎంత సోమరి అన్న ప్రశ్నే అక్కర్లేదు. గోడ ఉంటే ఏమవుతుంది, లేకుంటే ఏమవుతుంది అన్నదే దాని ప్రశ్న.

మెడలో బిళ్ల అంటే గుర్తొచ్చింది. ఆఫీసులో మనుషుల జాడ పట్టే బిళ్లలు 1990 ప్రాంతంలోనే ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి కంపెనీ వారి ప్రయోగశాలలో తయారయ్యాయి. 15 సెకన్లకోసారి పరారుణ సంకేతం పంపేవి. ఫోను వస్తే మనిషి ఏ గదిలో ఉంటే ఆ గదికి కలపడం వాటి ఉద్దేశం. ఇష్టం లేనప్పుడు ఆ బిళ్ల తీసి సొరుగులో పడేసే వీలుంది. ఇప్పటి వైఫై పద్ధతికి బిళ్లే అక్కర్లేదు. మనిషి ఒళ్లే బిళ్ల. దాన్ని ఏ సొరుగులో పెడతాం? మీ వ్యాసంలో కెమెరా లేదు కాబట్టి గోప్యతకు ఇబ్బంది లేదన్నట్టు ఒక వాక్యం ఉంది. అది నాకు మింగుడుపడనిది ఇందుకే. కెమెరా అయితే కనీసం కనిపిస్తుంది, చీర కొంగో చొక్కా కాలరో సర్దుకుంటాం.

2016 జనవరిలో లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక ఆఫీసులో ఇదే జరిగింది. ఒక ఉదయం విలేకరులు వచ్చేసరికి బల్లల అడుగున ఒంటి వేడినీ కదలికనూ పసిగట్టే పెట్టెలున్నాయి. కరెంటు ఆదా కోసమని యాజమాన్యం చెప్పింది. విలేకరుల సంఘం గొడవ చేసింది. ఆ రోజే పెట్టెలు తీసేశారు. పత్రికలవాళ్లు కాబట్టి గొంతెత్తారు, లోకానికి తెలిసింది. భీమవరంలో నెల జీతానికి కౌంటరులో కూర్చునే డిగ్రీ చదివిన అమ్మాయికి ఏ సంఘం ఉంది?

ఇంకో తిరకాసు మన వైపు ప్రత్యేకం. ఇలాంటి కొలతలు సాధారణంగా కొద్ది వారాలు తీసి ముగిస్తారు. ఏ వారాలు? సంక్రాంతి వారంలో కొలిస్తే గోదావరి జిల్లాల్లో ఆఫీసులకు బల్లలే అక్కర్లేదని తేలుతుంది, మేనేజరుతో సహా అందరూ కోడిపందాల బరుల దగ్గర ఉంటారు. సార్వా నాట్ల ముందు పంట రుణాల వేళ కొలిస్తే ఉన్న బల్లలకు రెట్టింపు కావాలంటుంది. కౌంటరుకు ఇవతల గుమిగూడిన రైతుల ఒళ్లు కూడా తరంగాలను మింగుతాయి కాబట్టి, అవతల కూర్చున్న మనిషి లెక్క సరిగా పడుతుందో లేదో కూడా అనుమానమే. ఇక కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద తిరిగే ఒకే ఒక్క ఫ్యాను కిందికి కుర్చీలన్నీ చేరతాయి. ఆ పూటకు మిగతా బల్లలు ఖాళీ. హైదరాబాదులోనో ముంబయిలోనో కూర్చుని ఆ పట్టిక చదివే పెద్దమనిషికి ఫ్యాను సంగతి ఎవరు చెబుతారు?

చట్టం ఉంది కదా అనుకున్నాను. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పిచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నేను పుస్తకాల బీరువాలు చేసిపెట్టిన లాయరు గారొకరు దాన్ని చదివి విడమర్చి చెప్పారు. సెక్షన్ 7లో, మనిషి సమ్మతి అడగకుండానే డేటా వాడుకోగలిగే సందర్భాల్లో ఉద్యోగ అవసరాలు ఒకటి. యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడమూ అందులోనే ఉంది. సరే, అడగకుండా తీసుకున్నారు, ఏం తీసుకున్నారో చూపించమనవచ్చా అంటే, సెక్షన్ 11 కింద ఆ హక్కు సమ్మతి ఇచ్చిన డేటాకే వర్తిస్తుంది. సమ్మతే అడగలేదు కాబట్టి చూపించే బాధ్యతా లేదు! అడిగి తీసుకున్నవాడు లెక్క చూపాలట, అడక్కుండా తీసుకున్నవాడు చూపక్కర్లేదట. దీనికి తోడు నిబంధనలు 2025 నవంబరులో గాని రాలేదు. ముఖ్యమైన సెక్షన్ల అమలుకు అప్పటి నుంచి 18 నెలల గడువిచ్చారు. ఈలోగా ఎన్ని బల్లలకు బెజ్జాలు పడతాయో.

ఆ సంస్థవారికి నేను పరికరాలు వద్దని చెప్పలేదు. మోకాళ్ల దగ్గర కాకుండా గది పైకప్పుకు పెట్టమన్నాను. ఉద్యోగి నంబరు చీటీ తీసేయమన్నాను, అప్పటికీ గదిలో ఎందరున్నారో, ఏ మూల ఖాళీయో తెలుస్తుంది కదా. కొలిచిన పట్టిక హెడ్డాఫీసుకు వెళ్లేముందు శాఖలో అందరికీ చూపించమన్నాను. పలానా బల్ల ఎప్పుడూ ఖాళీ అంటే, మధ్యాహ్నం ఎండ పడమటి కిటికీలోంచి నేరుగా తెర మీద కొడుతుందని అక్కడ కూర్చునే మనిషి చెబుతుంది. అప్పుడు బల్ల తిప్పడానికి నేనే వస్తాను, కూలి కూడా అడగను. అందరి కాళ్లూ నేలకు ఆనేలా రెండు మూడు ఎత్తుల్లో బల్లలు, అరచేతి వెడల్పు కాలిపీటలు చేసిస్తానని కూడా చెప్పాను. పరికరాలకయ్యే ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు. "డిజైను పైనుంచి వచ్చింది" అన్నారు. బల్లలు తయారయ్యాయి. తీగలు పోవడానికి ఒక బెజ్జం పెట్టాను. పెట్టె బిగించే బెజ్జాలు మాత్రం పెట్టలేదు. డ్రిల్లు ఎవరి దగ్గరైనా ఉంటుంది, వాళ్లే పెట్టుకోవచ్చు.

తమరికి ఒక విన్నపం. ఈ చట్టంలోని సెక్షన్ 7నూ, సెక్షన్ 11నూ ఉద్యోగులకు అర్థమయ్యే తెలుగులో పక్కపక్కన ఒక అరపేజీలో వేయండి. కొత్త శాఖలో చేరేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు కూడా రాయండి: నా సీటు దగ్గర ఏ పరికరం ఉంది, అది ఏం కొలుస్తుంది, ఆ లెక్క నా పేరు మీద ఉంటుందా, ఎన్నాళ్లు దాస్తారు, నేను చూడవచ్చా. బ్యాంకు ఉద్యోగ సంఘాలవారు కూడా వచ్చే వేతన ఒప్పందంలో ఈ మాట పెట్టించుకుంటే మంచిది, తర్వాత చిన్న సంస్థలు ఆ దారి పడతాయి. మా ప్రాంతపు ఆఫీసుల్లో నోటీసు బోర్డులు చాలామటుకు నేను చేసినవే. మీ అరపేజీ కత్తిరించి అంటించడానికి వాటిలో చోటుంది.

ఇట్లు,
ఆఫీసు బల్లలు చేసే ఒక వడ్రంగి,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా

(ఆర్డరు డబ్బు ఇంకా రావలసి ఉంది. పేరు వేయవద్దని మనవి.)